కిటికీ దగ్గర తెలుగు రాని మనిషి

మా మామ్మ పెద్దకర్మ అయిన తర్వాతి సోమవారం కాలేజీ స్టాఫ్ రూములో ఆమెకు సంతాప సభ పెట్టారు. తీర్మానం టైపు చేసింది నేనే. ఆ ఆఫీసులో ఇప్పుడు హెడ్ క్లర్కును నేను. టైపు కావలసిన కాగితం ఏదైనా నా బల్ల మీదికే వస్తుంది. నిష్ఠ, క్రమశిక్షణ, మాతృవాత్సల్యం అని మూడు మాటలు హిందీలో కొట్టి, కింద ప్రిన్సిపాల్ సంతకానికి చోటు వదిలాను. మా నాన్నకు అమ్మ, నన్ను పెంచిన మనిషి, ఆ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి, అర పేజీలో సరిపోయింది.

రెండు నిమిషాల మౌనం అయ్యాక మా పాత బడేబాబును మాట్లాడమన్నారు. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లో హెడ్ క్లర్కును అందరూ బడేబాబు అంటారు. ఆయన రిటైరై చాలా ఏళ్ళయింది. కర్ర పట్టుకుని, మనవడి స్కూటరు మీద వచ్చాడు. మంచే చెప్పాడు. చివర్లో, ప్రేమగానే, ఒక మాట అన్నాడు. "అమ్మాజీ మొత్తం నౌకరీలో ఒక్కటే తప్పు చేసింది. అది కూడా వయసు చేయించింది. తప్పు ఎవరు చెయ్యరు?"

అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

ఆ తప్పు ఆమెది కాదు. నాది. ఇది రాయడం అందుకే.

మామ్మ రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు ముందే రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా క్వార్టరు నుంచి నడిచి బయల్దేరేది. వ్యాగన్ల వర్కుషాపు సైరను ఆమెకు గడియారం. దారి పొడుగునా ఎదురైన వాళ్ళతో తెలుగే. ఎవరి పిల్లకు జ్వరం తగ్గిందో, ఎవరింట్లో చింతపండు అయిపోయిందో అన్నీ అడుగుతూ పోయేది. కాలేజీ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగేది. సంచీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో కొంగు తలమీదికి లాక్కునేది, ఇక్కడి ఆడవాళ్ళు కప్పుకున్నట్టు. అంతే, ఆ కొంగు ఎక్కిన దగ్గరి నుంచి హిందీ. సాయంత్రం కాలనీ మలుపులో నీళ్ళ ట్యాంకు కనిపించగానే కొంగు భుజం మీదికి జారేది, తెలుగు మొదలయ్యేది. మధ్యలో ఆమెతో తెలుగు మాట్లాడిన వాళ్ళెవరూ లేరు. చిన్నప్పుడు ఒకసారి నేను స్కూలు నుంచి ఆఫీసుకెళ్ళి ఆకలేస్తోందని తెలుగులో చెబితే, పరాయి పిల్లాణ్ణి చూసినట్టు చూసి, "క్యా బోలా?" అంది, ఏమన్నావని. హిందీలో చెప్పాకే డబ్బా తీసి పెట్టింది.

కాలనీలో మనవాళ్ళకు ఇది గుచ్చుకునేది. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ రైలు పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే అన్నీ. పిల్లల కాగితాల కోసం కాలేజీకి వెళితే, నిన్న సాయంత్రం తమ అరుగు మీద కూచుని వక్కలు నమిలిన మనిషి, ఈరోజు కిటికీ వెనక నుంచి "పితా కా నామ్?" అని తండ్రి పేరు అడిగేది. "ఆవిడకి కిటికీ కాడ తెలుగు రాదు" అని కాలనీలో ఎగతాళి. ఆ మాట ఆమె దాకా వచ్చింది. ఆమె నవ్వింది కూడా.

"కిటికీకి ఊరు ఉండదు" అంది. "ఒకడితో తెలుగాడితే ఎనకనున్న పదిమందికీ అనుమానం. వాళ్ళకి అర్థం కాదు గదా, ఏటి మాటాడేసుకుంటన్నారో."

ఆ కిటికీ గురించి చెప్పాలి. మూడడుగుల వెడల్పు, ఇనప చువ్వలు, కింద చెయ్యి పట్టేంత కన్నం. చేరేటప్పుడు విద్యార్థులు టెన్త్, ట్వెల్త్ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఇచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు తీసుకునేవాళ్ళు. అవన్నీ మామ్మ వెనకున్న ఆకుపచ్చ బీరువాలో ఉండేవి. ఆ బీరువా తాళం ఆమె బొడ్లో ఉండేది. ఆమెకు ఒకే రూలు. ఎవరి కాగితం వాళ్ళ చేతికే. అమ్మకివ్వదు, నాన్నకివ్వదు, అన్నకివ్వదు, మొగుడికి అసలే ఇవ్వదు. ఎవరొచ్చి ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపి "ఖుద్ ఆవో" అనేది. నువ్వే రా, అని. పిల్లలు ఆమెకు 'ఖుద్ ఆవో దాయీ' అని పేరు పెట్టారు. ఛత్తీస్‌గఢీలో దాయీ అంటే అమ్మ.

ఇవ్వడం కూడా మామూలుగా ఇచ్చేది కాదు. కన్నంలోంచి తోసేసేది కాదు. పక్క తలుపు దగ్గరికి రమ్మనేది. సమోసా తిన్న చేతులైతే కుళాయి దగ్గరికి పంపేది. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చాపేది, అవతలివాళ్ళు కూడా రెండు చేతులా పట్టుకునేదాకా వదిలేది కాదు. పసిబిడ్డను అందించినట్టు. ఒక్క చెయ్యి చాపినవాడు ఎంత లాగినా కాగితం కదిలేది కాదు. మొగపిల్లలు వెనక నిలబడి నవ్వేవాళ్ళు, తమ వంతు రాగానే రెండు చేతులూ చాపేవాళ్ళు.

ఒకసారి పెద్ద పోలీసు అధికారి ఒకాయన జీపులో వచ్చాడు, కూతురి సర్టిఫికెట్ కోసం. మామ్మ ఇవ్వనంది. ఆయన ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాడు. ప్రిన్సిపాల్ మామ్మను పిలిపించాడు. వెళ్ళి, కొంగు సర్దుకుని, "బిటియాకు చేతులు లేవని రాసివ్వండి సాబ్, ఇప్పుడే ఇచ్చేస్తాను" అందట. మధ్యాహ్నానికి ఆ అమ్మాయే జీపు దిగింది. ఈ కథను బడేబాబు సంతాప సభలో కూడా చెప్పాడు. అందరూ నవ్వారు.

ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో మామ్మ ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రం ఒక దీపావళి ముందు గోడలకు సున్నం వేస్తున్నప్పుడు చెప్పింది, అదీ నవ్వుతాలకి. పెళ్ళయి అత్తవారింటికి వచ్చేటప్పుడు ఆమె ఎనిమిదో తరగతి పాసైన సర్టిఫికెట్ పెట్టె అడుగున పెట్టుకుని తెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి అది కనపడలేదు. ఎవరినడిగినా తెలీదన్నారు. చాలా ఏళ్ళ తర్వాత, మామగారు పోయాక, సింహాచలం అప్పన్న పటానికి చెద పట్టిందని వెనక మేకులు ఊడదీస్తే, అట్టకు బదులు ఆమె సర్టిఫికెట్ ఉంది. పటం కొలతకు నాలుగు వైపులా కత్తిరించి, మైదా జిగురుతో అంటించి.

"మంచి దళసరి కాయితం గదా, ముసిలోడికి పనికొచ్చింది" అంది మామ్మ. "నా పేరు మీద దేవుడు నిలబడ్డాడు ఇన్నాళ్ళు." ఆ జిగురు మరకల కాగితం పట్టుకునే ఆమె కాలేజీలో పనికి వెళ్ళింది. మా తాత పోయిన ఏడాది. ముందు గదులు ఊడ్చే పని, తర్వాత ఫైళ్ళు కుట్టే పని, ఆ తర్వాత కిటికీ.

"కాయితానికి కాళ్ళుండవురా. ఎవడెత్తుకుపోతే ఆడితో పోతాది" అనేది. నేను విన్నాను. విని, ముసలమ్మ చాదస్తం అనుకున్నాను.

ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమై మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. కాలేజీకి రెండు కంప్యూటర్లు వచ్చాయి. వాటి ముందు కూర్చునే మనిషి కావాలన్నారు. బి.కాం. చేసి, స్టేషను రోడ్డులో ఆరునెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఖాళీగా తిరుగుతున్నాను నేను. మామ్మ తన నౌకరీలో మొదటిసారి, ఆఖరిసారి, ఒక సిఫారసు చేసింది. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఆమె వెనక, ఆకుపచ్చ బీరువా పక్కన నాకో కుర్చీ వేశారు. ఆఫీసులో నేనూ ఆమెను 'అమ్మాజీ' అనే పిలవాలి, హిందీలోనే. రెండేళ్ళు అలాగే పిలిచాను.

ఒక జూలై నాడు ఆమె కళ్ళు చూపించుకోవడానికి రైల్వే ఆసుపత్రికి వెళ్ళింది. శుక్లాలు ముదిరాయి. రిటైరు కావడానికి ఎనిమిది నెలలు ఉన్నాయి. పోతూ పోతూ బీరువా తాళం నాకిచ్చింది. అంతకుముందు ఆ తాళం ఎవరికీ ఇవ్వలేదు. గేటు దాటలేదు గనుక హిందీలోనే చెప్పింది. కొత్త కాగితాలు వస్తే లోపల పెట్టు, ఎవరైనా అడగడానికి వస్తే రేపు రమ్మను, అని.

మధ్యాహ్నం ఫోను మోగింది. మా చిన్నాన్న. రెండు ముక్కలు తెలుగులో మాట్లాడి పెట్టేశాను. తల తిప్పితే కిటికీ దగ్గర ఒకాయన నిలబడి నన్నే చూస్తున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. నలిగిన తెల్లచొక్కా, జేబులో కళ్ళజోడు. అప్పటిదాకా ముందున్న వాడితో హిందీలో కోపంగా మాట్లాడుతున్న మనిషి, చువ్వలు పట్టుకుని ముఖం దగ్గరికి తెచ్చి, చిన్నగా అన్నాడు.

"తెలుగోళ్ళా బాబూ? ఏ ఊరు మీది?"

పుట్టింది ఇక్కడే, తాతలది పలాస దగ్గర అన్నాను.

"ఓరి నాయినా. మాది టెక్కలి కాదేటి. పొద్దున్నుంచి ఈళ్ళ మజ్జిన తిరగలేక సచ్చిపోతన్నాను. మనోడు లోపల కూకున్నాడంటే ఎంత ధైర్యం."

ఆ మాట నన్ను ఏం చేసిందో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలుస్తుంది. స్కూల్లో, కాలేజీలో, బజార్లో నేను 'మద్రాసీ'నే. నా తెలుగు విని ఊళ్ళోని చుట్టాలు నవ్వేవాళ్ళు. నన్నెవరూ 'మనోడు' అనలేదు అప్పటిదాకా. ఈ ఊళ్ళోనే తెలీబంధా వైపు ఉంటామన్నాడు. కూతురు మన కాలేజీలోనే చదివిందనీ, నర్సింగులో సీటు వచ్చిందనీ, రేపే ఆఖరు రోజనీ, పిల్లకు ఒళ్ళు కాలిపోతోందనీ చెప్పాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పిల్లే రావాలన్నాను. "నాను తండ్రిని గాదేటి నాయినా" అన్నాడు.

బీరువా తీసి ఇచ్చేశాను. కన్నంలోంచే తోశాను. ఆయన ఒంటిచేత్తో అందుకున్నాడు.

రిజిస్టరులో రెండు గడులుంటాయి. తీసుకున్నవాళ్ళ సంతకం, ఇచ్చినవాళ్ళ సంతకం. కాంట్రాక్టు మనిషిని, ఇచ్చే అధికారం నాకు లేదు. రెండో గడిలో మామ్మ పొడి సంతకం నేనే గీశాను. నీళ్ళలో రాయి వేస్తే లేచే సుడిలా ఉండేది అది. రెండేళ్ళుగా చూస్తున్నాను, చెయ్యి ఆగలేదు. సాయంత్రం ఆమె కళ్ళలో మందు వేయించుకుని వచ్చింది. తాళం తిరిగి ఇచ్చాను. ఎవరైనా వచ్చారా అంటే లేదన్నాను. ఊరికే తిట్లు ఎందుకు తినడం అనుకున్నాను. ఒక తెలుగాయనకు సాయం చేశానని లోపల గర్వంగా కూడా ఉంది.

నాలుగో రోజు ఆ అమ్మాయి వచ్చింది. జ్వరం లేదు. సైకిలు మీద, రెండు జడలతో, చెమటలు కారుతూ వచ్చింది. కిటికీ దగ్గర హిందీలో, "దాయీ, ఎల్లుండి నర్సింగు కాలేజీలో చేరాలి, నా ఒరిజినల్స్" అంది. మామ్మ బీరువా తీసింది. కవరు లేదు. మళ్ళీ వెతికింది. రిజిస్టరు తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వేలితో కిందికి దిగుతూ, ఒక గీత దగ్గర ఆగింది.

నేను ఆ వేలినే చూస్తున్నాను. తన సంతకాన్ని తాను పెట్టలేదని మనిషికి తెలియదా? ఆ సుడి చివర ఆమె లోపలికి తిప్పేది, నేను బయటికి తిప్పాను.

మొదటి గడిలో తండ్రి సంతకం చూసి ఆ అమ్మాయి చువ్వలు పట్టుకుని కిందికి జారి కూర్చుంది. నాన్న నర్సు ఉద్యోగం వద్దంటున్నాడనీ, వచ్చే నెల పెళ్ళి పెట్టారనీ, కాగితాలు ఆయన చేతికి పోతే ఇక దొరకవనీ వరసలో ఉన్న ఎవరికో చెబుతోంది. ఏడుపు విని బడేబాబు తన గదిలోంచి వచ్చాడు. ఎవరిచ్చారని అడిగాడు. మామ్మనూ కాదు, నన్నూ కాదు, ఆఫీసునంతా అడిగాడు.

"అమ్మాజీ ఇచ్చి ఉంటారు" అన్నాను నేను. "ఈ మధ్య కళ్ళు ఆనడం లేదు, మరిచిపోతున్నారు కూడా."

ఆ రెండో వాక్యం నన్నెవరూ అడగలేదు. మొదటిది భయంతో అన్నాను. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ వారమే ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. నా పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. రెండోది ఎందుకన్నానో ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాను. అబద్ధం నిలబడాలంటే దానికి కాళ్ళు కావాలి, ఆమె కళ్ళు తీసి కాళ్ళుగా పెట్టాను.

మామ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. కొత్తగా వచ్చిన దరఖాస్తు చదివినట్టు, పై నుంచి కింది దాకా ఒకసారి చూసింది. తర్వాత లేచి పక్క తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళింది. ఆ అమ్మాయి ముందు నిలబడి, చేయి పైకెత్తి, తలమీది కొంగు భుజం మీదికి దించింది.

"అమ్మా, నానే ఇచ్చేసినాను. నా వల్లే అయింది" అంది. తెలుగులో.

ఆమె కొంగు లేని తల ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఎరగరు. బడేబాబు నా భుజం తట్టి, ఏమంటోంది అని అడిగాడు. నేనే హిందీలోకి మార్చి చెప్పాను. తనే ఇచ్చానని ఒప్పుకుంటోంది, అని.

మామ్మ ఆ అబద్ధాన్ని ఆఫీసు భాషలో ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ చెప్పింది నేను.

తర్వాతవి త్వరగా జరిగాయి. ఆమెను కిటికీ నుంచి తీసి వెనక రికార్డు గదిలో కూర్చోబెట్టారు. 'తెలుగోళ్ళు తెలుగోళ్ళు ఒకటైపోయారు' అన్నారు ఆఫీసులో. ఇన్నేళ్ళు ఏ మాట రాకూడదని ఆమె కొంగు కప్పుకుందో, ఆ మాటే వచ్చింది. కాలనీలో ఇంకో రకం. ఇన్నాళ్ళూ మనవాళ్ళకు ఒక్క కాగితం ఇవ్వలేదు, ఇచ్చిన ఒక్కసారీ పిల్ల గొంతు కోసింది, అన్నారు. ఎనిమిది నెలల తర్వాత శాలువా లేకుండా, దండ లేకుండా, మామూలు రోజులాగే సంచీ తీసుకుని ఇంటికి వచ్చింది. నా కాంట్రాక్టు పొడిగించారు. నాలుగేళ్ళకు పర్మినెంటు చేశారు. ఆ కిటికీ దగ్గరే కూర్చోబెట్టారు. రూలు నేను ఆమెకన్నా గట్టిగా పాటించాను. 'అమ్మాజీ మనవడు' అని మెచ్చుకునేవాళ్ళు.

ఆ అమ్మాయితో మామ్మ పోలీసు స్టేషనుకు వెళ్ళి పోయిన కాగితాల ఫిర్యాదు రాయించింది. పాత రాష్ట్రపు సర్టిఫికెట్లు గనుక నకళ్ళు భోపాల్ నుంచి రావాలి. దరఖాస్తు పంపింది. వానలు వెనకపట్టాక వచ్చాయి. అప్పటికి సీటూ పోయింది, పెళ్ళీ అయిపోయింది. ఆ నకళ్ళను మామ్మ పట్టుకెళ్ళి ఆమె చేతికే ఇచ్చి వచ్చిందని తర్వాత తెలిసింది.

నాతో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నా పెళ్ళికి ముందుండి అన్నీ చూసింది. నా పిల్లల్ని ఎత్తుకుని పెంచింది. ఎండాకాలంలో నాకిష్టమని చద్దన్నంలో ఉల్లిపాయ కొట్టి పెట్టేది, ఇక్కడివాళ్ళ బాసీ కూడా ఇదేరా, వాళ్ళు కనిపెట్టామంటారు, మనం కనిపెట్టామంటాం అని నవ్వేది. అన్నీ మామూలే, ఒక్కటి తప్ప. నా చేతి నుంచి ఏదీ అందుకునేది కాదు. టీ తెచ్చినా, మాత్ర తెచ్చినా, కళ్ళజోడు తెచ్చినా, "అక్కడెట్టు నాయినా" అనేది. బల్ల మీదో, గట్టు మీదో పెట్టి నేను రెండడుగులు వెనక్కి వేశాక తీసుకునేది. నా భార్య ఇస్తే అందుకునేది. పిల్లలిస్తే రెండు చేతులా అందుకునేది. మొదట్లో నేను గమనించలేదు. గమనించాక అలవాటేమో అనుకున్నాను. అనుకోవడానికే ఇష్టపడ్డాను. ఆఖరి వారం ఆసుపత్రిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడితే, మాట రాని స్థితిలో కూడా వేలితో పక్కనున్న స్టూలు చూపించింది.

సంతాప సభ నుంచి వచ్చి ఆమె సంచీ సర్దుతుంటే ఒక చీటీ దొరికింది. గుఢియారీలో ఒక లేడీస్ టైలర్ షాపుది, రెండు జాకెట్లు కుట్టడానికి ఇచ్చినట్టు. కాలనీలో అంతమంది టైలర్లుండగా మామ్మ ఇరవై ఏళ్ళుగా పట్టాలు దాటి అక్కడికే పోయేది. స్కూటరు మీద దింపేది నేనే. సందు మొదట్లో ఆపమనేది, నేనూ ఆపేవాణ్ణి. ఆ షాపు ఎవరిదో నాకు తెలుసు.

మర్నాడు వెళ్ళాను. కూరగాయల బండ్ల వెనక చిన్న గది, రెండు మిషన్లు. ఆనాడు సైకిలు మీద వచ్చిన అమ్మాయి మిషను మీద లేదు, స్టూలు మీద కూర్చుని చేత్తో కాజాలు కుడుతోంది. జుట్టు కణతల దగ్గర నెరిసింది. నేను చీటీ చూపించాను. మామ్మ పోయిన సంగతి ఆమెకు ముందే తెలుసు. జాకెట్లు రెండూ గోడకు కొక్కేనికి వేలాడుతున్నాయి, ఒకటి నేరేడు రంగు, ఒకటి తెలుపు. ఆమె లేవలేదు. అప్పుడు చెప్పేశాను. ఆ రోజు తాళం నా దగ్గరుందని, కాగితాలు నేనిచ్చానని, సంతకం నేను గీశానని, మామ్మ మీదికి నేనే తోశానని. తెలుగులో చెప్పాను.

"తెలుసు" అంది ఆమె, సూది ఆపకుండా.

"మామ్మ చెప్పిందా?"

"ఆవిడెందుకు చెబుతాది. ఒకపాలి నేనే అన్నాను, అది మీరివ్వలేదు కదా దాయీ అని. కాజాలు సమంగా కుట్టు, అంది." దారం కొరికింది. "ఆ రోజు కొంగు దించింది కదా. ఆవిడ నిజం చెప్పేదైతే హిందీలోనే చెప్పేది, తలమీద కొంగు ఉండగానే. అది అబద్ధమని అంతమంది ముందు నాకొక్కదానికే తెలిసేలా చెప్పింది."

ఆమె కొత్త దారం ఎక్కించుకుంటూ అడిగింది.

"ఈ మాట ఆఫీసులో చెప్పినారా?"

లేదన్నాను.

"మరి నాకెందుకు చెబుతున్నారు? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్ళకి చెప్పండి. ఈడ చెప్పుకుని బరువు దించుకుందామని వచ్చినారేమో, ఈడ దిగదు."

లేచి నిలబడి, మామ్మ జాకెట్లు తీసుకెళ్ళమంటారా అన్నాను. ఆమె మొదటిసారి తలెత్తి నన్ను చూసింది.

"ఆవిడవి ఆవిడ చేతికే" అంది. "ఇంకొకళ్ళకి ఇచ్చే అలవాటు నాకు లేదు."

జాకెట్లు ఆ కొక్కేనికే ఉన్నాయి.

ఇంటికొచ్చి ముందుగా ఇది రాయబోయాను. రెండు వాక్యాలు రాశాక తెలిసింది, నేను మళ్ళీ తెలుగులో రాస్తున్నానని. ఆఫీసులో ఒక్కరికీ తెలియని భాషలో. ఆపేసి, హిందీలో ఒక పేజీ రాశాను. ఫలానా నెలలో ఫలానా విద్యార్థిని అసలు ప్రమాణ పత్రాలు నియమానికి విరుద్ధంగా తండ్రికి ఇచ్చింది నేను, రిజిస్టరులో ఉన్న పొడి సంతకం దొంగ సంతకం, అది చేసింది నేను, తర్వాత అబద్ధం చెప్పింది కూడా నేను, దీన్ని రిజిస్టరులో ఆ పేజీకి జతచేయవలసిందని ప్రార్థన. కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. ఒక నకలు పాత బడేబాబు ఇంటికి పంపాను. ఆయన నుంచి ఇప్పటికి జవాబు లేదు.

గురువారం పొద్దున ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. కొత్తావిడ, వచ్చి ఏడాది కాలేదు, మామ్మను చూసి ఎరగదు. ఏదో ఫైలు చూస్తోంది. నిలబడే సంగతి చెప్పాను. సగం వింది. ఆ కాలపు రిజిస్టర్లన్నీ ఈ మార్చిలో చిత్తు కాగితాల కింద వేసేస్తున్నాం కదా, ఇరవై ఏళ్ళ కిందటి దాన్ని ఇప్పుడెందుకు కదిలించడం, అంది. అంతా రిటైరైపోయారు కదా, అంది. మీ అమ్మాజీ మీద నాకే ఫిర్యాదూ లేదు, అని కూడా అంది, ఓదార్పుగా.

నేను ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని బల్ల మీదుగా చాపి నిలబడ్డాను. ఆవిడ చేతులు ఫైలు మీదే ఉన్నాయి. ఒక పేజీ తిప్పి, తలెత్తకుండా అంది.

"రఖ్ దీజియే."

అక్కడ పెట్టాను.